గెనిమ మీద చెట్టు నాటమనే ముందు

తిరుపతి నుంచి చంద్రగిరి, పాకాల మీదుగా దామలచెరువు దాటి బంగారుపాళెం వైపు పోతే రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోపులే. ఒక తరం కిందట వీటిలో చాలావరకు చెనిక్కాయ (వేరుశనగ) చేలు. వానను నమ్ముకుని జూన్, జులైలో విత్తి, అక్టోబరు, నవంబరులో కాయ పెరికి, కట్టెను ఆవులకు వామి వేసి, మిగిలిన తేమకు ఉలవలు చల్లుకున్న నేలలు. వానలు తప్పి, కూలి పెరిగి, అడవిపందుల బెడద ఎక్కువై చెనిక్కాయ గిట్టక ఒక్కొక్కరే మామిడి అంట్లు నాటుకుంటూ పోయారు. కాబట్టి పొలంలో చెట్టు పెంచండి అనే మాట చిత్తూరు రైతుకు కొత్త కాదు. నాటాడు, పెంచాడు, కాయా కోశాడు.

2025 జూన్, జులైలో ఏమైందో అందరం చూశాం. తోతాపురి మామిడి కాయతో ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని తేల్చారు. కర్ణాటక తోతాపురి జిల్లాలోకి రాకుండా ఆపితే అది రెండు రాష్ట్రాల తగవైంది. చెట్లు నిండుగా ఉన్నాయి, ఆకు పచ్చగా ఉంది, నేల మీద నీడ ఉంది. రైతు చేతిలో మాత్రం కోత కూలికి, బండి బాడుగకు చాలీచాలని డబ్బు.

మనం చేసింది చెట్లతో సేద్యం కాదు, ఒక ఏకపంటను తీసి ఇంకో ఏకపంటను పెట్టడం. పైగా ఆ మార్పులో ఎవరు ఏం పోగొట్టుకున్నారో ఎవరూ లెక్క రాయలేదు. ఇప్పుడు ప్రకృతి సేద్యం, పొలంలో చెట్లు, భూతాపం అంటూ రెండో మార్పు మొదలైంది. నేను దానికి వ్యతిరేకిని కాను, అది కావాలనే కోరుకుంటున్నాను. అయితే మొదటి మూడేళ్ళ భారం ఎంత, దాన్ని ఎవరు మోస్తారు అన్న ప్రశ్నకు అంకెల్లో జవాబు చెప్పకుండా రైతును చెట్టు నాటమనడం అన్యాయం. ఆ అంకెలు ఇక్కడ వేసి చూద్దాం. దానికి ముందు చెట్టును ఎలా నాటితే పంట బతుకుతుందో చూడాలి, ఎందుకంటే భారం ఎంతన్నది నాటే తీరులోనే తేలిపోతుంది.

మామూలు మామిడి తోపులో 10 మీటర్లకు 10 మీటర్ల ఎడం పెడతారు, ఎకరాకు 40 చెట్లు. ఒత్తు తోట అంటూ 5 మీటర్లకు 5 పెడితే ఎకరాకు 160 దాకా పడతాయి. రెండూ పంటకు పనికిరాని ఎడాలే. మొదటిదాంట్లో చెట్లు గళ్ళుగళ్ళుగా నేలంతా పరుచుకుంటాయి. రెండోదాంట్లో నాలుగో ఏటికే సేద్యం ఆగిపోతుంది. వర్షాధారపు చేనులో పంట నిలవాలంటే చెట్లను సాళ్ళలోకి దగ్గరగా జరిపి, సాళ్ళ మధ్య వెడల్పు వదలాలి. సాలుకూ సాలుకూ 12 మీటర్లు, సాలులో చెట్టుకూ చెట్టుకూ 6 మీటర్లు పెట్టండి. ఎకరాకు 56 మొక్కలు వస్తాయి. అన్నీ మామిడి పెట్టకండి. ఒకటి విడిచి ఒకటి మామిడి వేసి, మధ్యవి సీతాఫలం, ఉసిరి, మునగ, ఒకటి రెండు నేరేడు అయితే ఫ్యాక్టరీ ధర పడిన ఏడు కూడా ఇంకేదో ఒకటి చేతికొస్తుంది. మునగ ఆరేడు నెలలకే కాయ పట్టుకుంటుంది. తిరుపతి పట్నంలో మునక్కాయ అమ్ముడుపోని రోజు లేదు.

ఈ 12 మీటర్ల అమరికలో మొదటి రెండు మూడేళ్ళు చెట్టు సాలుకు అటు ఒక మీటరు, ఇటు ఒక మీటరు వదిలితే చాలు. 10 మీటర్లు పంటకు దొరుకుతుంది, అంటే నేలలో 83 శాతం. అయిదో ఏటికి రెండేసి మీటర్లు వదలాలి, 67 శాతం మిగులుతుంది. ఎనిమిది, పదేళ్ళకు కొమ్మలు మూడు మీటర్లు చాచుకుంటే సగం. ఆ దశలో చెనిక్కాయ వేస్తే ఆకు ఏపుగా పెరిగి ఊడలు తక్కువ దిగుతాయి, కాయ పట్టదు. అప్పటికి చెట్ల అంచున పశుగ్రాసం, మధ్య పట్టీలో ఉలవ, అలసంద వేసుకోవడం మంచిది. నీడలో చెనిక్కాయ దిగుబడి తగ్గిందని వాపోయే చోట్ల చాలాసార్లు తప్పు చెట్టుది కాదు, ఎనిమిదో ఏట కూడా మొదటి ఏటి పంటే వేయడంది.

సాళ్ళు ఏ దిక్కుకు వేయాలి? చదును నేల అయితే తూర్పు పడమరలుగా. మన అక్షాంశంలో ఖరీఫ్‌లో సూర్యుడు మధ్యాహ్నం దాదాపు నడినెత్తిన ఉంటాడు. తూర్పు పడమర సాలు వేస్తే ఉదయం, సాయంత్రం పొడుగు నీడలు చాలావరకు సాలు వెంటే పడతాయి, పంట పట్టీకి ఎండ దక్కుతుంది. వాలు నేల అయితే ఈ మాట మరిచిపోండి. వాలుకు అడ్డంగా, నీళ్ళు నిలిచే గీత వెంటే నాటాలి. పలమనేరు, పుంగనూరు వైపు ఎర్రనేలల్లో పై మన్ను పోతే తిరిగి రాదు. నీడ ఎక్కువైతే కొమ్మ కొట్టి సరిచేసుకోవచ్చు.

ఇంకో చిన్న విషయం, దీన్ని మరిచి బాధపడేవాళ్ళు ఎక్కువ. సాళ్ళ రెండు చివరలా గెనిమ (పొలం గట్టు) దాకా మొక్కలు పెట్టేస్తారు. ట్రాక్టరు తిరగడానికి నాలుగైదు మీటర్లు కావాలి. చోటు లేకపోతే మొదటి దుక్కిలోనే చివరి మొక్కలు చక్రాల కింద పోతాయి, లేదా చివర దున్నకుండా వదిలిన చోట గడ్డి పెరిగి ఎండాకాలం నిప్పంటుకుంటుంది.

గుంతల సంగతి. మామిడికి మీటరు లోతు, మీటరు వెడల్పు అంటారు. రాతి గరప నేలల్లో అది తవ్వితీరాలి, లోతైన ఎర్రమట్టిలో రెండడుగులు చాలు. ఏప్రిల్, మేలో తవ్వి ఎండకు కాలనివ్వాలి. తవ్వేటప్పుడు పై అడుగు మన్ను ఒక పక్క, అడుగు మన్ను ఇంకో పక్క పోయాలి. పూడ్చేటప్పుడు పై మన్నులో రెండు తట్టల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి ముందు వేయాలి. మాగని పేడ వేస్తే చెదలును పిలిచినట్టే. ఒక వాన పడి మన్ను కుంగిన తర్వాతే మొక్క పెట్టాలి. కుంగకముందు పెడితే మొక్క మన్నుతోపాటు దిగిపోయి అంటు కట్టిన చోటు నేలలో పూడుకుపోతుంది. ఆ ముడి నేలకు జానెడు పైన ఉండాలి.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలో నాలుగు చూడండి. సంచి అడుగున వేరు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ చుట్టను కోసేయాలి, లేకపోతే అయిదేళ్ళ తర్వాత గాలికి చెట్టు ఒరిగిపోతుంది. అంటు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీని నాటిన రెండు మూడు నెలల్లో విప్పాలి. విప్పకపోతే కాండం లావెక్కేకొద్దీ అది ఉరితాడులా బిగుసుకుంటుంది, పైన చిగురు వాడుతుంది, రైతు చెదలు అనుకుని మందు పోస్తాడు. అంటు కింద నుంచి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. అవి నాటు మామిడి పిలకలు, పై అంటు కన్నా బలంగా లేచి దాన్ని చంపేస్తాయి. మొదటి మూడేళ్ళు పూత వచ్చినా తుంచేయాలి.

నాటడానికి పాత చిత్తూరు జిల్లా అంతటికీ ఒకే నెల చెప్పకూడదు. మదనపల్లె, కుప్పం వైపు నైరుతి వానలకు జులైలో నాటితే నవంబరు దాకా వేరు పట్టడానికి సమయం దొరుకుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వానలే పెద్దవి. తుపాను పడితే పల్లపు గుంతల్లో నీళ్ళు వారం నిలుస్తాయి, లేత వేరు కుళ్ళుతుంది. అక్కడ ఆగస్టు, సెప్టెంబరులోనే నాటి, మొక్క మొదట్లో మన్ను కాస్త ఎత్తు చేయాలి.

అసలు పరీక్ష మొదటి రెండు ఎండాకాలాలు. ఫిబ్రవరి నుంచి జూన్ వాన దాకా 17 వారాలు అనుకుందాం. వారానికి మొక్కకు 20 లీటర్లు. 56 మొక్కలకు మొత్తం 19,000 లీటర్లు, అంటే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. వినడానికి ఎక్కువ కాదు. కానీ వారం తప్పకుండా పోయడానికి ఒక మనిషికి వారానికి సగం రోజు పడుతుంది. మొక్కకు అడుగు దూరంలో మట్టికుండ పాతి, అడుగున చిన్న రంధ్రానికి గుడ్డ పెట్టి నింపితే నీళ్ళు నిదానంగా దిగి ఆవిరి తక్కువవుతుంది. చెనిక్కాయ పొట్టు మొదట్లో కప్పే అలవాటుంది. మంచిదే కానీ కాండానికి తగలకుండా జానెడు ఎడం ఉంచాలి, ఆ పొట్టులోకి చెదలు త్వరగా చేరతాయి.

చెట్టు వేరుకూ పంటకూ పోటీ గురించి ఒక మాట. మొదటి ఏటి నుంచే ప్రతి ఏడూ సాలుకు మీటరు దూరం దాకా దున్నుతూ ఉంటే పైపై వేళ్ళు అప్పుడప్పుడే తెగి, వేరు లోతుకు దిగడం నేర్చుకుంటుంది. మూడేళ్ళు వదిలేసి నాలుగో ఏట మొదట్లోకి నాగలి పెడితే తెగేవి లావు వేళ్ళు, చెట్టు ఆ ఏడాదంతా కోలుకోదు. గెనిమల మీది పెద్ద చెట్లకైతే మీటరున్నర దూరంలో రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కాలువ తీసి వేళ్ళు తెంచడం, రెండేళ్ళకోసారి ఆ కాలువను తిరిగి తీయడం పనిచేస్తుంది. అదే కాలువ వాననీళ్ళను కూడా ఇంకిస్తుంది.

గెనిమల మీదికి వద్దాం. ఇక్కడే నాకు చాలామంది ప్రచారకులతో పేచీ.

గెనిమ మీద గిరిపుష్పం (గ్లిరిసిడియా) పెట్టు, యూరియా కొనే పని తప్పుతుంది అని చెబుతారు. లెక్క వేయండి. చదరంగా ఉన్న ఎకరా చుట్టు కొలత 254 మీటర్లు. అర మీటరుకొకటి నాటితే 500 మొక్కలు. మూడో ఏటి నుంచి వర్షాధారంలో ఒక్కో మొక్క ఏడాదికి మూడు నాలుగు కిలోల పచ్చి ఆకు, లేత కొమ్మ ఇస్తుందనుకుందాం. ఒకటిన్నర నుంచి రెండు టన్నులు. దాంట్లో మూడొంతులకు పైగా నీళ్ళు. పొడి ఆకులో నత్రజని 2.4 శాతం. అంటే ఏడాదికి 9 నుంచి 12 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైన ఉంటుంది. అంత గెనిమా కలిసి ఇచ్చేది సగం బస్తా. బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలు. మిగిలేది 130 రూపాయలు. ఆ రెండు టన్నులు కొట్టి, మోసి, సాళ్ళలో పరచడానికి మూడు నాలుగు కూళ్ళు కావాలి. కూలి 400 అనుకున్నా 1,200 దాటుతుంది.

అయితే గిరిపుష్పం పనికిరానిదా? కానే కాదు. ఆ ఆకులో నత్రజని ఒక్కటే లేదు. ఏడాదికేడాది నేలలో చేరే సేంద్రియ పదార్థం ఉంది, ఎండకు మాడకుండా నేలను కప్పే దుప్పటి ఉంది, గెనిమ కోసుకుపోకుండా పట్టే వేరు ఉంది. పదేళ్ళకు ఆ నేల ఒక వాన తప్పినా ఇంకో వారం తట్టుకుంటుంది. కానీ ఆ లాభం పదేళ్ళ మీద పడుతుంది, కూలి ఖర్చు ఈ ఏడే పడుతుంది. యూరియా బస్తా అసలు ఖర్చులో పెద్ద భాగాన్ని కేంద్రం సబ్సిడీగా భరిస్తోంది. ఆకు కొట్టి వేసే రైతుకు ఒక్క రూపాయి కూడా ఎవరూ భరించరు. ఒకే నత్రజనికి రెండు నీతులు. ఇది సరిచేయకుండా రైతుకు అవగాహన లేదని సభల్లో చెప్పడం నాకు కోపం తెప్పిస్తుంది. అతనికి లెక్క బాగానే తెలుసు.

ఆ ఆకుకు ఇవాళ్టికివాళ ధర పలికే దారి ఒకటుంది, అది ఆవు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో సేద్యం నష్టమైనా ఇల్లు గడిపేది పాలే. పది, పదిహేను రోజులకోసారి పాల బిల్లు వస్తుంది. మామిడి డబ్బు ఏడాదికోసారి వస్తుంది, వస్తే. అందుకే గెనిమ మీద చెట్టును ముందు మేతగా చూడమంటాను. గిరిపుష్పం వాసనకు ఆవులు మొదట ముట్టవు. కోసి ఒక రోజు వాడబెట్టి, అలవాటైన గడ్డిలో గుప్పెడు కలుపుతూ పెంచుకుంటూ పోవాలి. మొత్తం పచ్చిమేతలో నాలుగో వంతు మించకూడదు. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కనుక దాన్నీ అదుపులోనే పెట్టాలి. పైగా గింజ రాలి చేనంతా మొలుస్తుంది, కాయ ముదరకముందే కొట్టడం చేతకాకపోతే నాటొద్దు. అవిశను మరీ కిందికి కొడితే చచ్చిపోతుంది, మీటరు మోడు వదిలి పక్క కొమ్మలే కోయాలి. గిరిపుష్పాన్ని నవంబరులో ఒకసారి మీటరు ఎత్తున కొడితే ఎండాకాలం ఆకు రాల్చకుండా చిగురు నిలుపుకుంటుంది. కొట్టకుండా వదిలితే ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి పూతకు పోతుంది, మేత కరువైన నెలల్లోనే మోడుగా నిలబడుతుంది. 500 మొక్కల గెనిమ రెండు ఆవులకు ఆ నాలుగు నెలలూ రోజుకు అయిదేసి కిలోలు ఇవ్వగలదు. తిన్న ఆకు పేడై మళ్ళీ చేనుకే వస్తుంది.

గెనిమ చెట్లతో పక్క చేనువాళ్ళతో గొడవలు తప్పవు అంటారు. చాలావరకు తప్పించుకోవచ్చు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కనుక ఉత్తరపు గెనిమ మీద ఎత్తు చెట్టు పెడితే రబీలో నీడంతా పక్కవాళ్ళ చేనులో పడుతుంది. అక్కడ మోకాలి ఎత్తున కొట్టే మేత మొక్కలే పెట్టండి. పెరిగే చెట్లు మీ చేను మీద నీడ పడే దక్షిణపు గెనిమ మీదో, పడమటి గెనిమ మీదో ఉండాలి. హద్దు నుంచి రెండు మీటర్లు లోపలికి జరగడం మరవకండి. జామాయిల్ మాత్రం ఏ గెనిమ మీదా వద్దు, పది మీటర్ల దాకా పంట పీక్కుపోతుంది. సరుగుడు సత్యవేడు, సూళ్ళూరుపేట వైపు ఇసుక నేలల్లో దాని దారిన అది బాగుంది, దాన్ని చెనిక్కాయ చేనులోకి తేవద్దు.

అడవి అంచు పల్లెల్లో ఇంకో చూపు కావాలి. పలమనేరు, కుప్పం, రామకుప్పం, బంగారుపాళెం మండలాల్లో కౌండిన్య అడవి ఏనుగులున్నాయి. అక్కడ వెదురు, పనస, అరటి నాటమని ఎవరైనా జాబితా చేతికిస్తే ఆ జాబితా కోస్తా నుంచి వచ్చిందని అర్థం. చింత, సీతాఫలం, కానుగ, వేప చాలు.

శ్రీగంధం, ఎర్రచందనం గురించి అడగనివాళ్ళుండరు. చిన్న రైతు బతుకుతెరువును వీటి మీద పెట్టించడం పాపం అని నా ఉద్దేశం. శ్రీగంధం సగం పరాన్నజీవి, పక్క మొక్క వేరు నుంచి నీళ్ళు, పోషకాలు తీసుకోనిదే బతకదు. నర్సరీ సంచిలోనే పొన్నగంటి లాంటి తోడు మొక్క, నాటాక కంది, తర్వాత సరుగుడో కానుగో అంచెలంచెలుగా తోడుండాలి. కంది పీకేసిన ఏడాది శ్రీగంధం పసుపెక్కి ఆగిపోవడం ఇందుకే. చేవ పట్టే వయసు వచ్చేసరికి దొంగల భయం మొదలవుతుంది. ఎర్రచందనం మన శేషాచలం బిడ్డే, సహజంగా పెరిగేది ఎక్కువగా కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు కొండల్లోనే. చేవ ఏర్పడడానికి పాతికేళ్ళు పైబడుతుంది. నీళ్ళు పోసి ఏపుగా పెంచితే కాండం లావవుతుందే కానీ చేవ ఆ లెక్కన పెరగదు. కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి, ఎగుమతికి అంతర్జాతీయ ఒప్పందం నిబంధనలు. గెనిమ మీద పది మొక్కలు మనవళ్ళ కోసం పెట్టుకోవచ్చు. ఎకరాకు కోటి అని చెప్పేవాళ్ళకు నమస్కారం పెట్టి వచ్చేయండి.

చెట్టు కొట్టడానికి అనుమతుల చిక్కు ఉన్నంతకాలం రైతు నాటడని పాలకులకూ తెలుసు. 2014లో జాతీయ వ్యవసాయ అటవీ విధానం తెచ్చినప్పుడు ఆ విధాన పత్రంలోనే ఈ మాట ఒప్పుకున్నారు. 2017లో అడవి బయట పెంచిన వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేశారు. 2025 జూన్‌లో పొలాల్లోని చెట్ల నరికివేతకు నమూనా నియమాలను కేంద్రం రాష్ట్రాలకు పంపింది. పదకొండేళ్ళలో ఇంత దూరం వచ్చాం. నాటిన మామిడి అంటు ఈలోపు ఆరేడు సార్లు కాసి ఉంటుంది.

సరే, భారం ఎంత? మొక్కలు, గుంతల ఖర్చు పక్కన పెడదాం. ఉపాధి హామీ కింద చిన్న రైతుల పొలాల్లో మామిడికి గుంతలు, మొక్కలు, మూడేళ్ళ సాకుడు ఇప్పించిన అనుభవం ఈ జిల్లాలకు ఉంది. మిగిలింది చూద్దాం. నీళ్ళు పోయడానికి వారానికి సగం రోజు లెక్కన 17 వారాలకు ఎనిమిదిన్నర రోజులు, పాదులు తవ్వి కలుపు తీయడానికి ఇంకో నాలుగైదు రోజులు. 13 కూళ్ళు, కూలి 400 లెక్కన 5,200. మొక్కకు ఏడాదికి 93 రూపాయలు, ట్యాంకరు నీళ్ళు కాకుండా. ఇక పంట. ఎకరాకు ఆరు క్వింటాళ్ళ చెనిక్కాయ పండే చేనులో 17 శాతం నేల చెట్లకు పోతే క్వింటా కాయ తగ్గుతుంది. 2025-26 ఖరీఫ్ మద్దతు ధర క్వింటాకు 7,263. విత్తనం, దుక్కి ఖర్చు కూడా ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి సగం నష్టం అనుకుంటే 3,600. అన్నీ కలిపి ఎకరాకు ఏడాదికి 8,800. మూడేళ్ళకు 26,000 దాటుతుంది. మార్పు ధర ఇదీ. రెండెకరాల మెట్ట రైతు దీన్ని బంగారం కుదువ పెట్టి మోయాలా?

శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి, పంట దెబ్బతిని రైతులు రోడ్డెక్కాక నవంబరులో వెనక్కి తీసుకుంది. అక్కడ ఆలోచన కన్నా తొందర ఎక్కువ నష్టం చేసింది. దిగుబడి తగ్గే ఏళ్ళకు ఎవరూ పూచీ పడలేదు.

కాబట్టి నా డిమాండు సూటిగా ఇది. నాటిన మొక్కకు కాదు, ప్రతి జూన్‌లో లెక్కపెట్టి, బతికి ఉన్న మొక్కకు 100 రూపాయలు, కనీసం మూడేళ్ళు. మామిడి ఒక్కటే కాదు, పైన చెప్పినట్టు నాలుగు రకాలు కలిపి నాటినవాళ్ళకే. మధ్య పట్టీల్లో పంట వేసినవాళ్ళకే. ఆ డబ్బు పట్టాదారు ఖాతాకు కాదు, నీళ్ళు మోసిన మనిషి ఖాతాకు.

ఈ చివరి మాట దగ్గరే అందరూ జారుకుంటారు. మన దగ్గర చాలా చేలు గుత్తకో (కౌలుకో), కోరుకో (పంటలో పాలుకో) చేసేవాళ్ళవి. పట్టాదారు బెంగళూరులోనో, చెన్నైలోనో ఉంటాడు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు దొరికే కార్డుకు యజమాని సంతకం కావాలి, గడువు 11 నెలలు. 11 నెలల మనిషి ఎనిమిదేళ్ళకు కాసే చింతచెట్టును ఎందుకు నాటతాడు? నాటితే, కాపు మొదలైన ఏడాది చేను చేజారుతుంది. తోపు పెరిగాక యజమాని తోటను పూత మీదే గుత్తకిచ్చేసుకుంటాడు, చేసినవాడికి చోటు ఉండదు. చెట్లు పెంచడం అంటే కౌలు రైతును సాగనంపడం అన్న అర్థం చిత్తూరు మామిడి ఇప్పటికే నేర్పింది.

అంతకన్నా కనబడని నష్టం ఆడవాళ్ళది. చెనిక్కాయ చేనులో విత్తనం ఒలుపు, విత్తడం, రెండు కలుపులు, కాయ పెరకడం, కాయ దూయడం అన్నీ ఎక్కువగా ఆడకూలీల పనులే. మామిడి తోపులో ఆ పనులేవీ లేవు. దోటీ పట్టి కోసేది, లారీకి ఎత్తేది మగవాళ్ళు. చేను తోపైన ప్రతి ఎకరం నుంచి ఆ పనిదినాలు పోయాయి, వాటికి పరిహారం అన్న మాట ఎవరి నోటా రాలేదు. వెడల్పు సాళ్ళు పెట్టి పంట నిలబెట్టమని నేను అంతగా పట్టుబట్టేది నేల కోసం మాత్రమే కాదు, ఆ పనిదినాల కోసం కూడా. గెనిమ ఆకు కొట్టడం, మునక్కాయ కోయడం, సీతాఫలం గంపలకెత్తడం వాళ్ళు చేయగల, చేసే పనులు. వాటికి ఇచ్చే కూలి కొత్త లెక్కలో మొదటి వరుసలో ఉండాలి, ఇంటివాళ్ళు ఊరికే చేస్తారులే అన్న గడిలో కాదు.

చెట్లు పట్టి ఉంచే కర్బనానికి డబ్బిస్తామంటూ కర్బన క్రెడిట్ల పేరుతో కొన్ని ఒప్పందాలు ఊళ్ళలోకి వస్తున్నాయి. సంతకం పెట్టేముందు నాలుగు అడగండి. ఎన్నేళ్ళు? మధ్యలో చెట్టు చచ్చినా, కొట్టినా ఎవరు కట్టాలి? కొలత ఖర్చు ఎవరిది, అది పోను రైతుకు వచ్చేదెంత? కాగితం తెలుగులో ఉందా? నాలుగింట్లో ఒకదానికి జవాబు రాకపోయినా ఆగండి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది, భూయజమానీ, చేసేవాడూ కూర్చుని రాసుకునే కాగితం. ఏళ్ళ తరబడి కౌలును రిజిస్టరు చేయించాలంటే యజమానులు జంకుతారు. అలాంటప్పుడు కౌలు కాగితం వేరుగా ఉంచి, చెట్ల కాపుదలకు ఇంకో కాగితం రాసుకోండి. చెట్టు యజమానిదే. మొక్కలు, గుంతలు, ట్యాంకరు నీళ్ళు ఆయన ఖర్చు. చేసేవాడు కాపాడతాడు, ప్రతి జూన్ మొదటి వారంలో ఇద్దరూ చేను తిరిగి బతికిన మొక్కలు లెక్కపెడతారు, ఒక్కోదానికి 100 రూపాయలు అప్పుడే చేతికి. చెట్లు పట్టిన నేలకు గుత్త లేదు, 12 మీటర్లలో 10 మీటర్లకే. మునక్కాయ, గెనిమ మేత చేసేవాడివి. మధ్యలో యజమాని చేను వెనక్కి తీసుకుంటే, ఆ ఏడాది లెక్కతోపాటు బతికిన ప్రతి మొక్కకు మరో రెండేళ్ళ డబ్బు ఇచ్చి తీసుకోవాలి. ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) పంట రాయించేటప్పుడు పట్టాదారు పేరుతోపాటు సాగు చేసేవాడి పేరు పడిందో లేదో ఇద్దరూ చూసుకోవాలి. ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. ఏప్రిల్‌లో మొదటి గుంత తవ్వకముందే రాసుకుని, ఊళ్ళో ఇద్దరి సాక్షి సంతకాలు పెట్టించి, చెరొక నకలు దగ్గర ఉంచుకోండి.